కొల్లేటి వైకుంఠం

"లైనులో రండి బాబూ!" ఆదిశేషుడి మీద పడుకున్న నూకాలమ్మ కళ్ళు తెరవకుండానే అంది. ఆమె మొగుడు పోలయ్య కింద కూర్చుని కాళ్ళు ఒత్తుతున్నాడు.

మద్రాసు సినిమా కంపెనీ మేనేజరు హనుమంతరావు నిర్ఘాంతపోయాడు. ఆగిపోయిన పౌరాణిక చిత్రం మళ్ళీ మొదలైంది. కిందటేడు ఈ కొల్లేటి లంకలో వదిలేసిన వైకుంఠం సెట్టు విప్పుకుపోదామని పనివాళ్ళతో పడవ మీద వచ్చాడు. చూస్తే ఉండి ఊరి నుంచి కూడా మొగుడూ పెళ్ళాలు వచ్చి తమ వంతు కోసం వరసలో నిలబడి ఉన్నారు.

"ఏమయ్యా, స్వామి పడుకోవాలి, అమ్మవారు కాళ్ళొత్తాలి. తెలీదా?"

"తెలుసండీ. ముందు అలాగే చేశామండి. ఇంట్లో ఉన్నట్టే ఉంది గానీ వైకుంఠంలా లేదండి," అన్నాడు పోలయ్య.

"ఇదంతా అట్టముక్కలూ గోనెగుడ్డలేనయ్యా!"

"వానకి చిరిగితే కుట్టింది మేమేనండి." పోలయ్య భార్య పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. నీళ్ళలో నాని మడమ పగిలిపోయింది. అరికాలి నిండా చేపముళ్ళు దిగిన మచ్చలు. "ఇన్నేళ్ళు కాపురం చేసి, ఈ పాదం ఇక్కడే చూశానండి."

తన భార్య సుందరమ్మ పాదాలు ఎలా ఉంటాయో హనుమంతరావుకి ఎంతకీ గుర్తు రాలేదు.

గాలివానకి వైకుంఠం కొట్టుకుపోయిందని మద్రాసుకి టెలిగ్రాం ఇచ్చాడు. ఆదివారం నాడు తాడేపల్లిగూడెంలో పుట్టింట్లో ఉన్న సుందరమ్మను వెంటబెట్టుకొచ్చి లైనులో నిలబడ్డాడు.

"అందరూ చూస్తున్నారండీ," అంటూనే ఆవిడ శేషుడి మీదికెక్కి కాళ్ళు చాపింది.

పోలయ్య వంగి అతని చెవిలో చెప్పాడు. "మడమ దగ్గర కాస్త గట్టిగా ఒత్తాలండి."