మెల్‌బోర్న్ వాళ్ళ ట్యాంకు

"ఆక్లాండ్ వాళ్ళ బోర్డు పీకి మెల్‌బోర్న్ వాళ్ళది బిగించు బావా! పడవ వచ్చేసింది!"

ఆ చిన్న దీవిలో ఊరిపెద్ద కల్‌మెట్ అరుపుకి టారి చేతిలోని స్క్రూ జారి ఇసకలో పడింది.

"వెతక్కు! మూడింటితోనే కానియ్!"

ఆ నీళ్ళ ట్యాంకు కట్టించింది ఆక్లాండ్ దాతలు. మెల్‌బోర్న్ సంఘం వాళ్ళూ ట్యాంకుకే డబ్బిచ్చారు. ఆ డబ్బు రెండేళ్ళుగా నర్సు లేవియా జీతమైపోతోంది. కల్‌మెట్ మాత్రం ఏం చేస్తాడు? నర్సుకి జీతమివ్వండి మహాప్రభో అని మూడు ఉత్తరాలు రాశాడు. వాళ్ళేమో, జీతాలకి ఖర్చుపెడితే సంఘాలకి మార్కులు వేసేవాళ్ళు మా స్టార్లు కోసేస్తారు, స్టార్లు పోతే దాతలు రారు, ట్యాంకైతే ఇస్తామన్నారు. ఈవేళ గుట్టు బయటపడితే జీతం ఆగి లేవియా రాజధాని పోర్ట్ విలాకి వెళ్ళిపోతుంది. పక్కనే చిన్నాసుపత్రిలో కల్‌మెట్ కూతురు పొద్దుటినుంచీ నొప్పులు పడుతోంది. కాన్పు చెయ్యాల్సింది లేవియానే.

మెల్‌బోర్న్ సంఘం తరఫున తనిఖీకి వచ్చిన బ్రోన్విన్ కొబ్బరినీళ్ళయినా ముట్టలేదు. తిన్నగా ట్యాంకు దగ్గరికెళ్ళి బోర్డు చుట్టూ వేలితో తడిమింది.

"ఇన్ని కన్నాలేంటండీ పెద్దాయనా?"

"గాలివానలమ్మా... బోర్డులు ఎగిరిపోతుంటాయి."

"ట్యాంకు కదల్లేదు గానీ బోర్డులే ఎగిరాయా?"

టారి మెల్లిగా జారుకున్నాడు.

"ఇది మా ట్యాంకు కాదు. అవునా?"

అంతలో ఆసుపత్రిలోంచి పసిబిడ్డ కేర్‌మంది. కల్‌మెట్ ఇక ఆగలేకపోయాడు.

"అదుగోనమ్మా మీ ట్యాంకు! మీ డబ్బంతా ఆ నర్సుకే ఇచ్చాను. నన్ను జైల్లో పెట్టించండి, ఏమైనా చెయ్యండి, ఆవిణ్ణి మాత్రం మాకు లేకుండా చెయ్యకండి!" భోరుమన్నాడు.

బ్రోన్విన్ ఆసుపత్రి వైపు చూసింది. తర్వాత కాగితం తీసి, 'మన ట్యాంకు చక్కగా పనిచేస్తోంది' అని రాసి సంతకం పెట్టింది.

కల్‌మెట్ కంగారుపడ్డాడు. "అయ్యయ్యో, ఇది తెలిస్తే మీ ఉద్యోగం ఊడుతుందేమోనమ్మా!"

"నాకు ఉద్యోగమెక్కడిదండీ? మా సంఘం కాగితాల్లో జీతాలు కనపడకూడదుగా, నేనూ పక్క దీవిలో ఓ నీళ్ళ ట్యాంకునే!"