పట్టీకి తెలియని భయం

ఇందుమతికి పుట్టుకతోనే ఎడమచేతి రక్తనాళాలు ముద్దలా ఉబ్బి ఉండేవి. ఇంజెక్షన్లతో వాపు తగ్గాక ఆసుపత్రివాళ్లు మణికట్టుకు ఒక పట్టీ కట్టారు. ఎలా ఉందని రోగులను అడగడం అప్పటికే మానేశారు. నొప్పిని పట్టీలే కొలిచి ఆసుపత్రికి పంపేవి.

ఆరు నెలలయ్యాక ఒక ఉదయం వంటింటి గోడ మీది తెరలో నర్సు కనిపించింది.

"నొప్పి సున్నా అని వచ్చిందండీ. నయమైపోయినట్టే. కేసు మూసేస్తున్నాను."

ఇందుమతి తలూపింది. చిక్కుళ్లు ఒలుస్తున్న అత్తగారు వర్ధనమ్మ తలెత్తింది.

"ఆగమ్మా. మా కోడలు ఇంకా నోరు విప్పలేదు. ఎలా ఉందో నువ్వు చెప్పవే."

ఇందుమతి మణికట్టు మీది పట్టీని తడిమింది. "నొప్పి లేదత్తయ్యా. పాపను ఎత్తుకోవాలంటేనే భయం. చెయ్యి పట్టు తప్పుతుందేమోనని ఇన్నాళ్లూ మీకే అందిస్తున్నాను."

నర్సు తన ముందున్న ఫారాన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఇది రాయడానికి మా దగ్గర గడే లేదండీ. కేసు మూయను. ఇకనుంచి రోజూ నేనే అడిగి, మీ మాటల్లోనే రాసుకుంటాను" అంది.

వర్ధనమ్మ చేతులు కడుక్కొని, ఉయ్యాల్లోని మనవరాలిని తెచ్చి కోడలి చేతుల్లో పెట్టింది. కింద తన చేతులు ఆనించి, "నేను పట్టుకునే ఉన్నాలే" అంది.

కాసేపటికి ఆ చేతులను మెల్లగా తీసేసింది. ఇందుమతికి ఆ సంగతి తెలిసింది. పాపను ఇంకాస్త దగ్గరకు పొదువుకుంది.