పది గంటల కూత

"ఎల్లకయ్యా, కూత ఇనబడ్డాది," అంటూ సవరమ్మ ఫౌండ్రీ గేటు దాకా పరిగెత్తుకొచ్చి మొగుడు పౌల్‌రాజు చొక్కా పట్టుకుంది. ఫౌండ్రీలో ప్రమాదం జరిగితే ఆగకుండా మోగే సైరను కూత అది. బర్మామైన్స్ కార్మికుల బస్తీలో ఇంకెవరికీ వినపడలేదు. పౌల్‌రాజు సిగ్గుతో చచ్చిపోయి ఆమెను ఇంటికి నడిపించుకుపోయాడు. ఇంకొక్క నాగా పెడితే పని ఊడుతుందని ఫోర్‌మన్ వెనకనుంచి గట్టిగానే చెప్పాడు.

తొమ్మిదేళ్ళుగా ఇదే గోల. ముందు నోట్లో రాగి కాణీ చప్పరించినట్టు ఉండేది, ఆ వెంటనే కూత. చెవులు మూసుకున్నా తగ్గేది కాదు. కొందరు దయ్యమన్నారు. కొందరైతే ఆమెకు ముందే తెలుస్తుందని నమ్మి, తమ మొగుళ్ళనీ ఇంట్లో కూచోబెట్టారు. ఏ ఒక్కసారీ ఏమీ జరగలేదు, అయినా ఎవరి భయం వారిది.

పని పోతుందన్న బెంగతోనే పౌల్‌రాజు ఆమెను 1961లో మద్రాసు తీసుకెళ్ళాడు. ఎక్స్‌రేలో కుడి కణత లోపల సున్నపు చుక్కలు కనిపించాయి. అక్కడ మెదడులో ఉన్న గడ్డ తీసేసి, దాన్ని మైక్రోస్కోపులో చూశాక డాక్టరు అతన్ని పిలిచి చెప్పాడు. ఆ రుచీ, ఆ కూతా దానివల్లేనట. కొన్ని గడ్డల్లో కణాలు పచ్చిగా, ఒక రూపమంటూ లేకుండా దూసుకుపోతాయట. ఈమె గడ్డలోవి మామూలు మెదడు కణాల్లాగే దాదాపు పూర్తిగా ఎదిగినవట, అందుకే ఇన్నేళ్ళు నింపాదిగా పెరిగింది.

"లోపల మచ్చ మిగులుతుంది. ఎప్పుడైనా కూత వినపడొచ్చమ్మా," అన్నాడు సవరమ్మతో. "వినపడితే కదలకు. కళ్ళు మూసుకుని వంద లెక్కపెట్టు."

తిరిగొచ్చి నాలుగు నెలలైంది. ఆరింటి షిఫ్టుకి పోతూ పౌల్‌రాజు గుమ్మంలో ఆగాడు, అలవాటు మరి.

"ఏటీ ఇనబడనేదు కదా?"

"నేదు. సల్లగా ఎల్లిరా," అని టిఫిన్ డబ్బా అందించింది. ఆ మాట అనగలిగినందుకు ఆమెకెంత సంతోషమో.

పది గంటలకి బియ్యం కడుగుతుంటే కూత వచ్చింది. ఒళ్ళు గేటు వైపు లాగింది. అస్సలు కదలకూడదనుకుని పీట మీద కూచుని కళ్ళూ చెవులూ మూసుకుంది. నోట్లో రాగి రుచి లేదు. చెవులు మూసుకుంటే కూత సగానికి తగ్గింది కూడా. జబ్బు నిజంగానే పోతోందనుకుంది. తొంభై తొమ్మిది, వంద. మొగుడి పని నిలబెట్టింది తను.

బియ్యం కడిగిన నీళ్ళు పారబొయ్యడానికి తలుపు తీసింది.

వీధిలో ఆడవాళ్ళంతా ఫౌండ్రీ వైపు పరిగెడుతున్నారు.