ముందు వరుస

చిటికెన వేలిలో సగమైనా లేని ఫ్రెంచి సిపాయి, ఖాళీ మందుసీసా మూత మీద తుపాకీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

అతని నీలికోటు మీద, ఛాతీకి అడ్డంగా పోవలసిన తెల్ల పట్టీ నడుమ వంకర పోయింది.

నిరుటి నుంచి కల్పలత కుడిచేయి వణుకుతోంది. చేయి వణికితే కుంచెకొన కదులుతుంది; అది వెంట్రుకవాసి కదిలినా ఇంత చిన్న ఛాతీ మీద పెద్ద వంకర అవుతుంది.

మామూలు కంటికి ఆనదు. ఫోనులో ఫొటో తీస్తే సిపాయి అరచేతంత అవుతాడు. వంకరా అతనితోపాటే పెరుగుతుంది.

ఆ ఫొటో కోసమే మునీర్ రెజిమెంటల్ బజార్ నుంచి సీతాఫల్‌మండిలోని ఆమె ఇంటి దాకా వచ్చాడు.

అతని దుకాణం పైగదిలో ప్రతి ఆదివారం పాచికలు వేసి, టేపుతో దూరం కొలిచి, బల్ల మీద నెపోలియన్ యుద్ధాలు ఆడతారు. ఈసారి ఆటకు పోస్టరు వేస్తున్నారు. దాని మీద కల్పలత రంగులు వేసిన బొమ్మల దళమే ఉండాలని అందరూ అనుకున్నారు.

చేయి వణకడం మొదలయ్యాక రంగు వేసిన కొత్త సిపాయిలను అప్పటికి ఎవరూ చూడలేదు.

"అమ్మా, ఒక మాట చెప్త. గుస్సా కావొద్దు."

"ముందు చెప్పు. అయ్యేదీ కానిదీ తర్వాత చూస్త."

"చేతికి జెర ఆరాం ఇవ్వుండ్రి. వీళ్లకు నేను బయట మళ్ల రంగులేయిస్త. పేరు మీదే ఉంటది."

"చెయ్యి వాళ్లదైతే పేరు నాదెట్లయితది?"

మునీర్ నసిగాడు. "పోనీ, రష్యాల ఓడిపోయి తిరిగొస్తున్నరని రాద్దాం. పట్టీలు గిట్ల ఎందుకున్నయని ఎవ్వరడగరు."

"వీళ్లు ఓడిపోలేదు. ఇంకా లడాయికే పోలేదు."

వంటింట్లోంచి చెల్లెలు సుకన్య నవ్వింది. "మునీర్ భాయ్, నెపోలియన్ సుత ఓడిపోయిండంట. మా అక్కతోని పెట్టుకోకు."

మునీర్ చూపు అద్దాల బీరువా మీద పడింది. అందులో పాత దళం ఉంది, చేయి వణకని రోజుల్లో రంగు వేసినది. ఒక్కొక్క పట్టీ స్కేలు పెట్టి గీసినట్టుంటుంది.

"పాతోళ్లను ముందట పెట్టి, వీళ్లను ఎనక పెడదాం. ఎనకున్నోళ్లు మసకమసకగనే పడ్తరు గద. మనమందరం చేసేది గదే."

నిజమే. అంత దగ్గర నుంచి తీస్తే ఫోను ఒక్క వరుసనే స్పష్టంగా పట్టుకుంటుంది. తక్కినవి మంచులో ఉన్నట్టుంటాయి. బాగా వచ్చినవాళ్లను ముందుంచి, రానివాళ్లను వెనక దాచడం కల్పలతకూ అలవాటే.

ఆమె కిటికీ పక్కన పాత క్యాలెండరును తిప్పి, తెల్లని వైపు కనబడేలా గోడకు ఆనించింది. పాత సిపాయిలను తెచ్చి వరుసగా నిలబెట్టింది.

మునీర్ ముఖం తేటపడింది.

తరువాత కొత్తవాళ్లను, రంగు వేసేటప్పుడు పట్టుకోవడానికి అంటించిన సీసాల మీది నుంచి ఊడదీసి, పాతవాళ్లకు ముందు నిలబెట్టసాగింది. ఒకడు వేళ్లలోంచి జారి కింద పడ్డాడు. మునీర్ వంగబోయాడు.

"ఉండు. నేను తీస్త."

కొంచెం సేపు పట్టింది. తీసింది.

"అమ్మా, ఉల్టా అయింది."

"నెపోలియన్ తన పాత గార్డును, గా ఆరితేరినోళ్లను, యాడ నిలబెట్టేటోడు, మునీర్?"

అతను ఇన్నేళ్లుగా ఆడుతున్న ఆట. తెలియక కాదు.

"ఎనక," అన్నాడు మెల్లగా.

"మరి లడాయిల ముందటికి పోయేది?"

"కొత్తోళ్లు," అన్నాడు మునీర్, ముందు వరుస వైపు చూస్తూ.

చేత్తో పట్టుకుంటే ఫొటో చెదురుతుంది కనుక, ఆమె ఫోనును పప్పుడబ్బాకు ఆనించింది. తెర మీద అన్నింటికన్నా వంకరగా ఉన్న పట్టీని వేలితో తాకింది.

ముందు వరుస స్పష్టమైంది. వెనక వరుస మసకబారింది.

"గిదేనా పోస్టరు?"

"గిదే. పేరు జెర పెద్దగ రాయి."

అతను వెళ్లిపోయాక, దళంలో ఇంకా రంగు పడని ఒకే ఒక్కణ్ని, జెండా మోసేవాణ్ని, కల్పలత సీసా మూత మీద అంటించింది.

ఆ జెండా మీద బంగారు అక్షరాలు ఉండాలి.

ఆమె అన్నింటికన్నా సన్నని కుంచెను తీసుకుంది.