మూడడుగుల ఖాళీ

పదకొండింటికి రమ్మన్నారని రామబ్రహ్మం పదింటికే వచ్చి మునిసిపల్ ఆఫీసు వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు.

అప్పటికే అక్కడో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కొంచెం జరిగి చోటిచ్చాడు.

"ఏం పనిమీద వచ్చారు బాబుగారూ?"

"బాత్‌రూం కట్టుకోవడానికి పర్మిషన్."

"దానికీ పర్మిషనా!"

"ఏడాదిగా నేనూ అదే అంటున్నాను."

బడి ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన రామబ్రహ్మానికి, బల్లకి ఇవతల వైపు ఎంత ఉక్కగా ఉంటుందో ఈ ఏడాదే తెలిసింది. బందరు ఎండకి చెప్పులరిగాయి. ఓపిక అంతకుముందే అరిగింది.

"మాది వలందపాలెంలో పాతకాలం ఇల్లు. ఇంటికానుకుని పడమటివైపు చిన్న గది వేసుకుంటానన్నాను. హద్దు నించి మూడడుగులు ఖాళీ వదలాలిట. వదిలితే ఇక మిగిలేది బీరువా పట్టేంత చోటు."

"మరెలాగండీ?"

"పక్క స్థలం వాడు అడ్డు చెప్పకపోతే వదలక్కర్లేదు. వాడు అభ్యంతరం అని కాగితం పడేశాడు. ఇవాళ విచారణ."

"ఎవరండీ ఆయన?"

"ఎవడో కోడూరు వాడు. కిందటేడు స్థలం కొన్నాడు. నేనింతవరకూ మొహం చూళ్ళేదు. వాడు ఇటుక పెట్టడు, నన్ను పెట్టనివ్వడు. ఉత్త కడుపుమంట!"

పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"మీ కప్పు మీద నీళ్ళు ఎటు పడతాయండీ?"

"ఎటు పడతాయి, వాడి స్థలంలోకే. పడితే ఏం, కరిగిపోతుందా?"

"నాదీ గోడ గొడవేనండి" అన్నాడు పెద్దాయన.

ఆ గొడవేమిటో రామబ్రహ్మం అడగలేదు. మన గోల వినే మనిషి దొరికాక అవతలివాడి గోల ఎవరిక్కావాలి!

పదకొండింటికి ప్యూను వచ్చి, ఆఫీసరుగారు మీటింగుకి వెళ్ళారనీ, భోజనాలయ్యాకే విచారణ అనీ చెప్పి పోయాడు.

రామబ్రహ్మం తల గోడకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఇంట్లో భార్య ఉమాదేవి దగ్గర పక్కింటావిడని కూర్చోబెట్టి వచ్చాడు. ఆవిడెంతసేపని ఉంటుంది?

పెద్దాయన సంచిలోంచి రెండు అరటిపళ్ళు తీసి ఒకటి అతని చేతిలో పెట్టాడు.

"ఇంత తొందరేంటండీ బాత్‌రూముకి?"

"మా ఆవిడకి పక్షవాతం. ఇప్పుడున్న మరుగుదొడ్డి పెరడు చివర. నేనే ఎత్తుకెళ్తాను. నాకూ నడుం పోయింది. మొన్న వానలో ఇద్దరం బురదలో పడ్డాం."

"అయ్యో!"

"పడగానే ముందు ఆవిడే నవ్వింది. తర్వాత ఏడుస్తూ, 'ఇంక నాకు మంచినీళ్ళు ఇవ్వకండి, వెళ్ళే పనే ఉండదు' అంది. అప్పట్నించీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్తే పెదాలు బిగించేస్తోంది."

పెద్దాయన తినబోతున్న పండు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇవాళ ఆ పక్క స్థలం ఆయన రాకపోతే ఏవవుద్దండీ?"

"వాడి అభ్యంతరం కొట్టేస్తారు. కానీ రాకుండా ఉంటాడా? అలాంటివాళ్ళు పెళ్ళికి రమ్మంటే రారుగానీ, పుల్లలు పెట్టడానికి పిలవకపోయినా వస్తారు."

మూడు దాటాక ప్యూను గుమ్మంలోకి వచ్చాడు.

"రామబ్రహ్మంగారు! కోడూరు యలమంద!"

రామబ్రహ్మం గబుక్కున లేచాడు. వరండా అంతా కలయజూశాడు.

"యలమంద! కోడూరు యలమంద ఉన్నారా?"

ఎవరూ లేవలేదు.

"రాలేదయ్యా!" రామబ్రహ్మం గొంతులో ఏడాది తర్వాత ప్రాణం వచ్చింది. "దేవుడున్నాడు, రాలేదు!"

"వెళ్ళండి బాబూ, మిమ్మల్నే పిలుస్తున్నారు" అన్నాడు పెద్దాయన.

లోపల పని ఇట్టే అయిపోయింది. అభ్యంతరం కొట్టేశారు. పర్మిషన్ ఇచ్చేశారు. ఈ మాట చెప్పి ఉమాదేవికి ఈ రాత్రి గ్లాసుడు నీళ్ళు తాగించవచ్చు. ఆ సంతోషం ముందుగా పెద్దాయనకే చెబుదామని రామబ్రహ్మం బయటికి వచ్చాడు.

బెంచీ ఖాళీగా ఉంది.

ఖాళీ చేపల బుట్ట చంకన పెట్టుకుని ఓ నడివయసు ఆడమనిషి మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది.

"బాబుగారూ, పొద్దున్న ఈ బెంచీ మీద మా నాన్నని కూర్చోబెట్టి బజారుకెళ్ళానండి. కనపడ్డం లేదు."

"ఆ పెద్దాయనా? వెళ్ళిపోయినట్టున్నాడమ్మా. పాపం, ఆయన వంతు రానేలేదు."

"అదేంటండీ! పక్కోళ్ళ వాననీళ్ళు పడకుండా ఆపితేనే గదా, నేను ఆ స్థలంలో ఎండుచేపల కొట్టు పెట్టుకునేది" అంటూ ఆమె బుట్ట కింద పెట్టి మెట్టు మీద చతికిలబడింది. "పొద్దుట్నించీ ఇక్కడే కూర్చుంటే, యలమందా అని ఒక్కసారన్నా పిలవలేదా అండీ మా నాన్నని?"