బూర సరిచేసిన బాతు

రెక్క విరిగి దొరికిన అడవిబాతును వేటగాడు కోసుకు తినలేదు. గంప కింద మూసి, గుప్పెడు వడ్లు పోసి, తన వెదురు బూర ఊది వినిపించాడు. ఆ బూరతో బాతులా అరిచి, ఎగిరే బాతుల్ని చెరువులోకి దింపడం అతని పని.

"ఛీ, అదేం అరుపు? కాకి కూడా నమ్మదు," అంది బాతు. "బూర లోపలి వెదురు నాలుక మందంగా ఉంది. గీకు."

వేటగాడు గీకాడు. రోజూ బూర కడిగి, ఆరబెట్టి, ఊదేవాడు. బాతు తప్పులు పట్టేది. గుంపులో ఉన్నన్నాళ్లూ దాని మాట ఎవరూ విన్న పాపాన పోలేదు. ఇక్కడ తుపాకీ ఉన్న మనిషే చెవి ఒగ్గి వింటున్నాడు!

చలికాలం వచ్చింది. బూర మోగింది. ఒక ముసలి బాతు గుంపును వదిలి సూటిగా కిందికి దిగింది. తుపాకీ పేలింది. గంప పక్కనే వచ్చి పడింది బాతు కన్నతల్లి.

"నువ్వే పిలిచావనుకున్నానే," అని కళ్లు మూసింది.

తల్లి కోసం అక్కచెల్లెళ్లు పైన ఇంకా తిరుగుతున్నారు. వేటగాడు మళ్లీ ఊదాడు. ఈసారి బూర గొంతు కాస్త జీరబోయింది.

"నాలుకకు ఉమ్మి పట్టింది," అంది బాతు, అలవాటు కొద్దీ. "తుడిచి ఊదు."