రాణి ఏసం

"మీసమేదే బావా?"

వాకిట్లో అడుగు పెడుతూనే ఐలేశం అడిగిన మొదటి మాట అదే. బాగున్నావా అని లేదు, కాళ్లకు నీళ్లు అడిగింది లేదు.

యాభై రెండేళ్ల చెన్నయ్య పెదవి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్లు మెలితిప్పిన మీసం పోయిన చోట చర్మం తెల్లగా, పసిపిల్లవాడి పాదంలా మెరుస్తోంది.

"రాణి ఏసం ఇచ్చిన్రు. రాణికి మీసముంటదా?"

"రాణా! నెత్తి మీద ఎంటికల్లేవు, నోట్ల సగం పండ్లు లేవు. గీ రాణి కోసం ఏ రాజు కొట్లాడుతడే?"

ఐలేశం కేతేపల్లి నుంచి తెల్లవారకముందే బయలుదేరాడు. సాగర్ కట్టకు సిమెంటు మోసే లారీ ఎక్కి హాలియాలో దిగి, అక్కణ్ణుంచి రెండు మైళ్లు నడిచి వచ్చాడు. "జల్ది రా తమ్మీ" అని అక్క గోపమ్మ కబురు పంపింది. ఎందుకో చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. బావ గొర్రెల మందను అమ్మేసి అంజన్న భాగవతం మేళంలో కలవబోతున్నాడన్న సంగతి ఎప్పుడో ఊళ్లు దాటింది.

"మా ఊళ్లె ఏమనుకుంటున్నరో ఎరికేనా? మందల కెల్లి ముసలి పొట్టేలు తప్పిచ్చుకున్నదంటున్నరు. తాతల కాలం సంది మనోళ్లు గొర్ల ఎనుక తిరిగిన్రు గని, మొఖానికి రంగు పూసుకున్నోడు ఒక్కడున్నడా?"

"పోరగాని సంది పాట మీద పానం కొట్టుకుంటాంది ఐలేశం. గిన్నేండ్లు అందరి కోసం బతికిన. ఇగ నా ముచ్చట నేను తీర్చుకుంట."

"నీ ముచ్చట తీర్తది. అక్క ఏం తినాలె? నీ పాటనా?"

చెన్నయ్య లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలను కొంగులా నెత్తిన కప్పుకున్నాడు. నడుము ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు.

"ఏడు వాకిళ్ల కోటలోన ఒంటిదాననైతినే చెలియా..."

"చెలియా" దగ్గర గొంతు రెండుగా చీలింది. దొడ్లోంచి ఒక గొర్రె గట్టిగా అరిచింది.

"అగో, చెలికత్తె పలికింది!" ఐలేశం కడుపు పట్టుకుని నవ్వాడు.

పొయ్యి దగ్గర్నుంచి గోపమ్మ తెడ్డు పట్టుకుని వచ్చింది. ఆమెకూ నలభై ఆరు దాటాయి. ఒళ్లంతా కోపమే.

"దాన్ని పాటంటరా? ఒంటిదాననన్న కాడ గొంతు దించాలె, చెలియా అన్న కాడ లేపాలె. ఎన్నిసార్లు చెప్పినా గంతే! మూడు నెలలాయె తమ్మీ, పొద్దుమాపు గిదే గోస. గొర్రె పిల్లలు సుత పాలు తాగుత లేవు."

"ఇన్నవా బావా? నీ పెండ్లమే ఛీ కొడతాంది."

"పని మీద పానముంటే సాలదు, జర పని రావాలె" అంది గోపమ్మ. "ఇగ నాతోని గాదు. గీ ఇంట్ల కూసుండి గిది ఇనలేను."

తెడ్డు మూలకు పడేసి లోపలికి పోయి, బట్టలు మూట కట్టసాగింది.

ఐలేశం కడుపు చల్లబడింది. "కట్టక్కా, కట్టు. మనింటికి పోదాం. తోడబుట్టినోన్ని, ఇంత జొన్న గటక పెట్టలేనా?"

గోపమ్మ మూట ముడి బిగించింది. చెన్నయ్య నెత్తిన తువ్వాలతో అలాగే నిలబడి ఉన్నాడు.

అంతలో బయట ఎడ్లబండి ఆగింది. మేళం పెద్ద అంజన్న దిగాడు. ఆ మాపు కట్ట పని కూలీల ముందర ఆట ఉంది. ఐలేశం ఎదురెళ్లి వాకిట్లోనే ఆపాడు.

"నీకు రాణులే కరువైన్రా అంజన్నా? గా కట్ట కాడ మా పరువు సుత తీస్తవా?"

"ఫికర్ చెయ్యకు బిడ్డా" అన్నాడు అంజన్న. "మీ బావను తీసేసిన. మనిషి మంచోడే. గా గొంతుతోని ఆడితే కూలోళ్లు గుండ్లు ఇసురుతరు."

చెన్నయ్య నెత్తి మీది తువ్వాల జారి భుజం మీద పడింది. ఐలేశానికి ఒక్క క్షణం నవ్వు ఆగింది. ఒక్క క్షణమే.

"ఇన్నవా బావా? మీసం పాయె, ఏసమూ పాయె!"

అంజన్న చెన్నయ్యను బండి పక్కకు తీసుకుపోయి మెల్లగా ఏదో చెప్పాడు. చెన్నయ్య గుమ్మంలోని భార్య వైపు చాలాసేపు చూశాడు. తర్వాత దొడ్లోకి పోయి తన గొంగడి తెచ్చి, నాలుగుసార్లు దులిపి, బండిలో మెత్తగా పరిచాడు.

ముసలోడికి బుద్ధి వచ్చిందనుకున్నాడు ఐలేశం. పెండ్లాం పుట్టింటికి పోతుంటే గానీ దిగిరాలేదు.

"ఇగ మూట ఇప్పక్కా. పాటా లేదు, మంద అమ్ముడూ లేదు. ఎటు పోతవ్ ఇంక?"

గోపమ్మ మూట చంకన పెట్టుకుని బయటికి వచ్చింది.

"మంద మీ బావ మేపుకుంటడు. నువ్వు జర నాలుగొద్దులు ఈడుండు తమ్మీ. గాయినకు గటక కాసుడు రాదు. గందుకే నిన్ను పిలిపిచ్చిన."

"గటక నేను కాయాల్నా! మరి నువ్వేడికి?"

గోపమ్మ బండెక్కి గొంగడి మీద కూర్చుంది. అంజన్న ఎడ్లను అదిలించాడు.

"కట్ట కాడికి. మీ బావకు పాట దిద్దుతాంటె అంజన్న నా గొంతు ఇన్నడు. ఇయ్యాల్టి సంది గా రాణిని నేనే."